అరంగుళం మీద ఒక గీత

మెడలో టేపు వేసుకుని గిటార్ల దుకాణానికి వెళ్లిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను. కావాలని వేసుకోలేదు. ఇరవై రెండేళ్లుగా యూనిఫాంలు కుట్టే కార్ఖానాలో కటింగ్ చేస్తున్నాను. టేపు మెడలో ఉన్నదీ లేనిదీ నాకే తెలియదు. బస్సులో ఇద్దరు ముగ్గురు ఎగాదిగా చూస్తుంటే, చొక్కా తిరగేసి వేసుకున్నానేమోనని ఒకటికి రెండుసార్లు తడుముకున్నాను.

దుకాణదారు మందపాటి కళ్లద్దాల పెద్దాయన. వయొలిన్ ఒకటి ఒళ్లో పెట్టుకుని, ఊడిన చెక్కకు పుల్లతో జిగురు పూస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏం కావాలమ్మా?"

"బేస్ గిటార్. పొట్టిది. ఖరీదు తక్కువది."

"ఎవరికి?"

"మా తమ్ముడికి."

"ఎన్నేళ్లు బాబుకి?"

"ముప్పై తొమ్మిది."

అప్పుడు తల ఎత్తాడు. ముందు నన్ను చూశాడు, తర్వాత టేపును చూశాడు. గోడవైపు పుల్లతో చూపించి మళ్లీ జిగురులో పడ్డాడు.

బేస్ గిటార్‌కు నాలుగే తీగలు ఉంటాయి, లావుపాటివి. పాట కింద ఎక్కడో గుమ్‌గుమ్‌మని నడుస్తూ ఉంటుంది. అది ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. ఆగిపోతే మాత్రం, పాటలో ఏదో పోయిందని సంగీతం ముక్క తెలియనివాళ్లు కూడా ముఖాలు చూసుకుంటారు. మా తమ్ముడు పదిహేనేళ్లుగా ఒక చిన్న బ్యాండులో అది వాయిస్తున్నాడు. వాయించేవాడు అనాలి. పగలు మా కార్ఖానాలోనే ఇస్త్రీ పని. అక్కడ వాడికి పెద్ద పేరేమీ లేదు. వాణ్ని పేరుపెట్టి అడిగేది ఆ బ్యాండులోనే.

ఎనిమిది నెలల క్రితం వాడి ఎడమచేతి చిటికెన వేలి కొన తెగిపోయింది. తెగిపోయింది అని అందరూ అంటారు, నేనూ అలాగే అంటాను. తెగింది నా కటింగ్ మిషన్ కింద. ఆస్పత్రి యూనిఫాంల ఆర్డరు నడుస్తోంది. అరవై పొరల గుడ్డ బల్ల మీద పరిచి ఉంది. అంచు పట్టుకునే మనిషి ఆ రోజు రాలేదు. "ఒరేయ్, రెండు నిమిషాలు ఇటొచ్చి పట్టుకోరా" అన్నాను. ఇస్త్రీ పెట్టె ఆపి వచ్చాడు. సుద్దగీత సరిగ్గా కనపడటం లేదని, బ్లేడు ముందు ఉండే అడ్డుకమ్మీ పైకెత్తాను. ఎత్తకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ కాగితం అంటించింది కూడా నేనే. చేతికి వేసుకునే ఉక్కు తొడుగు మా బల్లకు ఒకటే ఉంది. అది నా చేతికి ఉంది.

వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. రెండు వారాలకు పనిలోకి వచ్చాడు. ఇస్త్రీకి చిటికెన వేలితో అంత అవసరం లేదు. బేస్‌కు ఉంది. చూపుడు వేలు మొదటి ఫ్రెట్ దగ్గర ఉంటే చిటికెన వేలు నాలుగో ఫ్రెట్‌ను అందుకోవాలట. ఫ్రెట్లంటే గిటార్ మెడ మీద అడ్డంగా పొదిగిన సన్నటి ఇనప తీగముక్కలు. వాడి వేలు అందలేదు. పాత బేస్‌ను సంచిలో పెట్టి బీరువా మీదికి ఎక్కించాడు.

బ్యాండు నడిపేది ట్రంపెట్ ఊదే ఒక పెద్దాయన. మంచివాడు. ఎనిమిది నెలలు తమ్ముడి చోటు ఖాళీగా ఉంచాడు. కీబోర్డు అతను కుడిచేత్తో తన పని చేసుకుంటూ, ఎడంచేత్తో బేస్ నెట్టుకొచ్చాడు. ఇక అతని వల్ల కావడం లేదట. పెద్దాయన మొన్న ఇంటికే వచ్చి, కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. "ఆదివారం రిహార్సల్‌కి రా. వాయించగలిగితే నీ చోటు నీదే. లేదంటే వేరే అబ్బాయిని మాట్లాడుకుంటాను. ఏమీ అనుకోకు." వెళ్తూ వెళ్తూ నన్ను మెట్ల దాకా పిలిచి, చిన్నగా అన్నాడు. "పొట్టి బేస్‌లు కూడా ఉంటాయమ్మా. వాటి మీద వేళ్లకి దూరం తగ్గుతుంది. వాడికి తెలుసు, కానీ వెతుక్కోడు. నువ్వన్నా చూడు."

వాణ్ని అడిగితే, "వదిలెయ్ అక్కా. పదిహేనేళ్లు వాయించాను, చాల్లే" అన్నాడు. చాల్లే అని తేలిగ్గానే అన్నాడు. అంతకన్నా నా చెంప మీద ఒకటి వేసినా సరిపోయేది.

అందుకని చెప్పకుండా వెళ్లాను. మా ఇద్దరి దగ్గరా ఉన్న డబ్బు ఓ మోస్తరు కొత్త గిటార్‌కు చాలదు, పాతదానికి కాస్త ఎక్కువ. దుకాణం గోడకు పదకొండు బేస్‌లు వేలాడుతున్నాయి. ఒక్కొక్కటే తల నుంచి అడుగు అంచు దాకా టేపు వేసి కొలిచాను. చొక్కా పొడవు కొలిచినట్టే. నలభై ఆరు, నలభై ఆరున్నర, నలభై మూడు, మళ్లీ నలభై ఆరు. చివర్లో మూలన ఒకటి కనపడింది. దానికి తలే లేదు. తీగలు బిగించే మరలు పైన ఉండకుండా అడుగున ఉన్నాయి. మెడ పైన టక్కున ఆగిపోయింది. ముప్పై తొమ్మిది అంగుళాలు. పొట్టి అంటే పొట్టి! పైగా ఎవరో వాడుకుని అమ్మేసిన సరుకు, మాకు అందే ధర.

"ఇదివ్వండి" అన్నాను.

పెద్దాయన పుల్ల పక్కన పెట్టాడు. "పొట్టి బేస్ అంటే అది కాదమ్మా. పొడవు అలా చూడకూడదు. అసలు..."

"కొలతలు నాకు చెప్పక్కర్లేదండీ. ఇరవై రెండేళ్లుగా అదే పని."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. "సరే. గీతలు పడకుండా చూసుకోండి. వారంలోపు తెస్తే మార్చిస్తాను" అన్నాడు. మార్చాల్సిన అవసరం ఏముంటుందని నాలో నేనే నవ్వుకున్నాను. నాకు అతి తెలివి ఉందని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ఆ సాయంత్రం వాడు ఇంటికి వచ్చేసరికి గిటార్ వాడి మంచం మీద ఉంది. చూసి దగ్గరికి వచ్చాడు. తల లేని చోట చెయ్యి పెట్టి తడిమాడు.

"దీని తల ఏది?"

"తలతో ఏం పని? నీకూ లేదుగా, బానే బతుకుతున్నావు."

నవ్వాడు. ఎనిమిది నెలల్లో వాడు నవ్వడం అదే మొదటిసారని అనను. కానీ పళ్లు కనపడేలా నవ్వడం అదే మొదలు. మంచం అంచున కూర్చుని, తీగలు సరిచేసుకుని వాయించడం మొదలుపెట్టాడు. నేను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.

వాడు వాయించే పాటలన్నీ నాకు తెలుసు. వాడి గది, నా గది మధ్య గోడ పలచన. పదిహేనేళ్లు ఆ గోడకు ఆనుకునే పడుకున్నాను. అందులో ఒక పాట మొదట్లో బేస్ ఒక్కటే నడుస్తుంది. నాలుగు స్వరాలు ఎక్కి, కాస్త ఆగి, మళ్లీ మొదటికి వస్తుంది. వాడు ఆ పాటే ఎత్తుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగోది రాలేదు. మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి చెయ్యి మొత్తం జరిపి నాలుగోది అందుకున్నాడు గానీ, అది ఆలస్యంగా వచ్చింది. మూడోసారి ఆ నాలుగోదాన్ని వదిలేసి ముందుకు వెళ్లిపోయాడు, అక్కడ అసలేమీ లేనట్టు.

"బాగుందక్కా" అన్నాడు. "బరువు కూడా లేదు. నాకు సరిపోయింది."

"సరిపోయిందా?"

"సరిపోయిందంటున్నాగా."

"ఒరేయ్, నేను చెవిటిదాన్నా? నాలుగోది ఏది?"

వాడు తీగల మీద అరచెయ్యి వేసి చప్పుడు ఆపేశాడు. తర్వాత చెప్పాడు. గొంతు పెంచకుండానే చెప్పాడు.

"ఇది పొట్టిది కాదక్కా. దీనికి తల తీసేశారంతే. తీగ మోగే పొడవు నా పాతదానంతే ఉంది. ఫ్రెట్ల మధ్య దూరాలూ అంతే."

"మరి నాకెందుకు చెప్పలేదు, బాగుందని ఎందుకన్నావు?"

"నువ్వు తెచ్చావు కాబట్టి."

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియదు. "ప్రతిదీ కొలిచానురా. పదకొండింటినీ కొలిచాను. ఒక్కటి వదల్లేదు."

"గిటార్లని కొలిచావు. నన్ను కొలవలేదుగా."

నేను మెడలో టేపు తీసి చుట్టసాగాను.

"మనిషి కొలత తీసుకోకుండా ఎవరైనా గుడ్డ ముందు పెడితే చెడామడా తిడతావు. మరి నా చెయ్యి ఎందుకు కొలవలేదు? కొలవడం సంగతి తర్వాత. ఎనిమిది నెలల్లో ఒక్కసారైనా చూశావా?" వాడి మాటలో కోపం లేదు, అదే ఇబ్బంది. "ఇప్పుడు కూడా చూడు, ఎక్కడ కూర్చున్నావో. నా కుడిపక్క. బస్సులో కుడిపక్క. అన్నం తినేటప్పుడు కుడిపక్క. మొన్న అటువైపు కుర్చీ ఒక్కటే ఖాళీగా ఉంటే, నిలబడి తిన్నావు."

నిజమే. నిలబడి తిన్నాను. నడుం పట్టేసింది, కూర్చుంటే నొప్పని చెప్పాను కూడా.

లేచి నా గదిలోకి వెళ్లాను. ఏడవడానికి వెళ్లానని వాడు అనుకుని ఉంటాడు. మాదిరులు గీసే దళసరి కాగితం చుట్టలో ఉంటుంది, దాని కోసం వెళ్లాను. తెచ్చి వాడి గదిలో బల్ల మీద పరిచాను. నాలుగు మూలలా నాలుగు బరువులు పెట్టాను.

"చెయ్యి పెట్టు."

వాడు కుడిచెయ్యి పెట్టాడు. వెటకారానికే పెట్టాడు. దాన్ని కూడా గీసుకున్నాను. అదీ కావాలి. తర్వాత ఎడంచెయ్యి పెట్టాడు. వేళ్లు వీలైనంత చాపమన్నాను. పెన్సిల్ బొటనవేలి నుంచి మొదలుపెట్టి ఒక్కో వేలి చుట్టూ తిప్పుకుంటూ వచ్చాను. చిటికెన వేలి దగ్గరికి వచ్చేసరికి పెన్సిల్ ఆగింది. కొన గుండ్రంగా, నున్నగా మూసుకుపోయింది. గోరు లేదు. నేను అనుకున్నంత భయంకరంగా లేదు. ఎనిమిది నెలలు నా తలలో ఉన్నది ఇంతకన్నా చాలా ఘోరంగా ఉంది.

"నొప్పి పుడుతుందా?"

"చలికి కాస్త. తీగ నొక్కితే ఏం లేదు, గట్టిపడింది. అందడమే సమస్య."

"ఒరేయ్, ఆ కమ్మీ నేనే ఎత్తాను" అన్నాను.

"తెలుసక్కా. అక్కడే ఉన్నాగా."

అంతే అన్నాడు. నేను గీత పూర్తి చేసి, రెండు కాగితం చేతులనూ కత్తిరించి, ఒకదాని మీద ఒకటి తిప్పి పెట్టాను. మిగతా వేళ్లన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. చిటికెన వేళ్ల మధ్య తేడాకు టేపు వేశాను. మా టేపులో అంగుళానికి ఎనిమిది గీతలు. అరంగుళం మీద ఒక గీత వచ్చింది. ప్రతి మాదిరికీ రాసినట్టే దాని అంచున ఆ కొలత రాశాను.

మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి ఇద్దరం దుకాణానికి వెళ్లాం. తల లేని గిటార్‌ను కౌంటర్ మీద పెట్టాను. పెద్దాయన దాన్ని ముందూ వెనకా తిప్పి చూశాడు, గీతలేం లేవు.

"ఇప్పుడు చెప్పొచ్చామ్మా?" అన్నాడు.

నాలుక్కరుచుకుని, "చెప్పండి" అన్నాను.

ఆయన లేచి వచ్చి, ఒక బేస్ మెడ పైన తీగలు ఆనుకునే తెల్లటి పట్టీ మీద వేలు పెట్టాడు. ఇంకో వేలు కింద తీగలు ఆనే ఇనప మెట్టు మీద పెట్టాడు. "ఇక్కణ్నుంచి ఇక్కడికి. మోగేది ఇంతే. పైనా కిందా ఎంతుంటే ఏంటి?"

మాకు కుట్టు నుంచి కుట్టు దాకానే కొలత. లోపలికి మడిచే గుడ్డ ఎంత ఉన్నా లెక్కలోకి రాదు. పనిలో చేరిన మొదటి రోజు నేర్పేది అదే. ఆ మాట ఆయనతో అంటే గట్టిగా నవ్వాడు. ఆయన నవ్వగలడని అప్పుడే తెలిసింది.

అలా కొలిస్తే గోడ మీద పొట్టివి మూడే తేలాయి. మొదటిది సరికొత్తది, తళతళలాడుతోంది, ధర కూడా అందుబాటులోనే ఉంది. తమ్ముడు భుజానికి తగిలించుకుని ఎడంచెయ్యి వదిలాడు. తల బరువుకు మెడ నేలవైపు వాలిపోయింది. "మోయడానికే ఒక చెయ్యి కావాలి దీనికి" అన్నాడు. రెండోది లోపల డొల్ల, పిట్టంత బరువు. వాయిస్తుంటే వాడి కళ్లు మూతలు పడ్డాయి. ధర చూసి నేను కళ్లు మూసుకున్నాను. మూడోది ఏదో స్కూలు అమ్మేసిన పాతది. రంగు మా పాత బీరువాది. వెనక ఎవరో అంటించిన బొమ్మ తాలూకు జిగురు ఇంకా ఉంది. ఒక మర బిగుసుకుపోయింది.

మేం గుడ్డ పైకి చూడం, తిరగేసి చూస్తాం. మెడ రెండు అంచులా చెయ్యి జార్చాను. ఫ్రెట్ల కొనలు ఎక్కడా గీరుకోలేదు, ఎవరో ఓపిగ్గా అరగదీశారు. వెనక చెక్కలో అతుకులు లేవు. చెయ్యి వదిలితే వాలలేదు, ఉన్నచోటే ఉంది.

"లావు తీగ కొంచెం మొద్దుగా మోగుతుంది. పొట్టివాటితో అది తప్పదు" అన్నాడు పెద్దాయన. "కొత్త తీగలు వేస్తే కొంత నయం. పొట్టి బేస్‌కని అమ్మేవే వెయ్యాలి."

సంచిలోంచి కాగితం చెయ్యి తీశాను. వాడు "అక్కా, నా అసలు చెయ్యి ఇక్కడే ఉంది" అన్నాడు. వినిపించుకోలేదు. ముందు టేపు వేశాను. పొడుగు బేస్ మీద మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్ దాకా ఐదంగుళాల ఒక గీత. పాత బీరువా రంగుదాని మీద అదే దూరం నాలుగున్నర అంగుళాలు.

తీసివేత చేశాను. మళ్లీ చేశాను. ఇలాంటి తీసివేతలు రోజుకు వంద చేస్తాను, తప్పు రాదు. కాగితం అంచున నా చేత్తో రాసిన అంకె చూశాను. అదే అంకె. నా మిషన్ వాడి దగ్గర ఎంత తీసుకుందో, ఈ పాత చెక్క వాడికి అంతే వెనక్కి ఇస్తోంది.

ఏడ్చాను. పరాయి దుకాణంలో, పట్టపగలు, కౌంటర్ ముందు నిలబడి ఏడ్చాను. తుడుచుకోవడానికి టేపు తప్ప ఏమీ దొరకలేదు. పెద్దాయన వయొలిన్‌వైపు తిరిగి, ఎండిపోయిన జిగురునే మళ్లీ పూయడం మొదలుపెట్టాడు. "ఎక్కువ చెప్పాడా అక్కా ధర?" అన్నాడు తమ్ముడు. నాకు నవ్వొచ్చింది. వాడికి కాగితం చూపించి, రెండు కొలతలూ చెప్పాను. వాడు చూసి, "ఇదే తీసుకుందాం" అన్నాడు.

ఆదివారం రిహార్సల్ ఒక ఖాళీ గోదాములో పెట్టారు. నేనూ వెళ్లాను. ట్రంపెట్ పెద్దాయన మేం తెచ్చిన బేస్ రంగు చూసి పెదవి విరిచాడు. ఇంకేమీ అనకుండా మాకు వీపు పెట్టి కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు. చూడదలుచుకోలేదట, వింటాడట. కీబోర్డు అతను అలవాటు కొద్దీ రెండు చేతులూ మీటల మీద పెట్టి సిద్ధంగా కూర్చున్నాడు.

తమ్ముడు ఆ పాటే మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగోది వచ్చింది. రావాల్సిన చోటే వచ్చింది, కొంచెం మొద్దుగా. మళ్లీ ఎక్కాడు, మళ్లీ వచ్చింది. మూడోసారికి కీబోర్డు అతను ఎడంచెయ్యి మీటల మీద నుంచి తీసి, రెండుసార్లు విదిలించి, ఒళ్లో పెట్టుకున్నాడు. పెద్దాయన ఇటు తిరక్కుండానే ట్రంపెట్ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

గోదాములో కుర్చీలు చాలానే ఖాళీగా ఉన్నాయి. ఒకటి తీసుకెళ్లి, తమ్ముడి ఎడంపక్కన వేసుకుని కూర్చున్నాను.